ఇల్లు కాలినంక గిలాబు ఎప్పుడు కొట్టించాలి?

మీ ప్రశ్న ఇది: నల్లగొండలో స్లాబ్ ఇల్లు, షార్ట్ సర్క్యూట్‌తో వంటగది, హాలు కాలాయి. భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ ఉంది. నష్టం లెక్కకట్టే బీమా సర్వేయర్ ఇంకా రాలేదు, మేస్త్రి మాత్రం రేపే గిలాబు (ప్లాస్టరింగ్) మొదలుపెడదాం అంటున్నాడు.

మేస్త్రిని ఆపండి. సర్వేయర్ చూసేదాకా ఒక్క పెళ్ల ఊడగొట్టొద్దు, కాలిన ఫ్రిజ్‌ను పాత సామాను వాళ్లకు అమ్మొద్దు. వాన పడకుండా టార్పాలిన్ కట్టుకోవచ్చు, దాని బిల్లు దాచుకోండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్ ప్రకారం సమాచారం ఇచ్చిన 24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. ఫోన్ చేసి ఊరుకుంటే ఆ గడువు ఎప్పుడు మొదలైందో మీరు చూపించలేరు. మెయిల్ పెట్టి క్లెయిమ్ నంబర్ తీసుకోండి.

ఫైర్ స్టేషన్ సర్టిఫికెట్, పోలీసు పంచనామా తీసి పెట్టుకోండి. క్లెయిమ్‌లో మంట కారణం మీకు తెలిసినంతే రాయండి. మంట ఫ్రిజ్ లోపలి షార్ట్ సర్క్యూట్‌తో పుట్టిందని తేలితే ఆ ఒక్క ఫ్రిజ్‌కు డబ్బు రాదు, దాని వల్ల కాలిన మిగతా వాటికి వస్తుంది. చాలామంది ఈ ముక్క తెలియక మొత్తం క్లెయిమ్ పోయిందనుకుని వదిలేస్తారు. ఇంటి సామానుకు బిల్డింగ్ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రక్షణ దానంతటదే ఉంటుంది. నగదుకు ఉండదు, బంగారానికి విడిగా తీసుకుని ఉండాలి. బిల్లులు కాలిపోతే షాపులో నకలు అడగండి, బ్యాంక్ స్టేట్‌మెంట్ తీయండి. పుట్టినరోజు ఫొటోలో వెనక కనిపించే టీవీ కూడా పనికొస్తుంది.

మేస్త్రి చీటీ మీద 'మొత్తం 3 లక్షలు' అని రాసిస్తే సర్వేయర్ ముందు నిలవదు. గిలాబు ఎన్ని చదరపు అడుగులు, వైర్ ఎన్ని మీటర్లు, కిటికీలు ఎన్ని, ఇలా విడివిడిగా ఉండాలి. శిథిలాలు ఎత్తిపోసే ఖర్చు క్లెయిమ్‌లో 2 శాతం వరకు, ఇంజనీర్ ఫీజు 5 శాతం వరకు ఇస్తారు. అవీ రాయించండి.

ఇక అసలు భయం స్లాబ్. గిలాబు రాలినంత మాత్రాన స్లాబ్ పోయినట్టు కాదు, ముందు వేడి తిన్నది గిలాబే. సర్వే అయ్యాక వదులు పెళ్లలు గీకించి, సుత్తెతో అడుగడుగునా తట్టించండి. ఖంగున మోగితే మంచిది, డొల్ల శబ్దం వస్తే లోపల పొర విడిచింది. కాంక్రీటు లేత గులాబీ రంగు తిరిగితే వేడి 300 డిగ్రీలు దాటిందని గుర్తు. కంకర రకాన్ని బట్టి కొన్నిచోట్ల రంగు మారదు కాబట్టి ఆ గుర్తు లేకున్నా ధీమా వద్దు. సలాక (లోపలి ఇనుప కడ్డీ) బయటపడ్డా, స్లాబ్ కిందికి వంగినా మేస్త్రి మాట చాలదు. స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి కాంక్రీటు గట్టిదనం చూపే రీబౌండ్ హ్యామర్‌తో చూడాలి, అనుమానం తీరకపోతే కోర్ (పరీక్షకు కాంక్రీటు ముక్క) తీయాలి. అప్పటిదాకా కింద జాకీలు నిలబెట్టండి. సలాక మీద మామూలు సిమెంటు పూస్తే పట్టు దొరకదు, తుప్పు తీసి పాలిమర్ మోర్టార్ (పట్టు పెంచే పాలిమర్ కలిపిన సిమెంటు మాలు) వేయించాలి.

కాలిన గదుల వైరింగ్ బోర్డు నుంచి బాక్స్ దాకా కొత్తదే వేయండి. పైపుల్లో కరిగి అతుక్కున్న వైర్ లాగినా రాదు, గోడ కోయాల్సిందే. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజర్‌కు 4 చదరపు మి.మీ. వైర్, కరెంటు లీకైతే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. వైర్ల ఇన్సులేషన్ చూసే మెగ్గర్ పరీక్ష కాకుండా మెయిన్ వేయొద్దు.

మసి గోడను ముందే నీళ్లతో కడిగితే మసి లోపలికి దిగుతుంది. పొడి స్పాంజితో తుడిచాకే సబ్బు నీళ్లు. మసి మీదే లప్పం పెడితే మొదటి వానకు పసుపు మరకలు, వాసన బయటపడతాయి. ఆయిల్ ఆధారిత ప్రైమర్ ఒక కోటు వేశాక లప్పం పెట్టాలి.

కంపెనీ తక్కువ లెక్క కడితే రాతపూర్వకంగా అడగండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 50 లక్షల వరకు వింటారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.