పొలం కొంటే ఇల్లు కట్టనివ్వరా?

(అమెరికాలో ఇల్లు, స్థలం, పొలం గురించిన సందేహాలకు ఈ శీర్షికలో జవాబులిచ్చేది ఒరెగాన్ రాష్ట్రంలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్లానింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరైన తెలుగావిడ.)

ప్రశ్న: మావాడు ఒరెగాన్‌లోని హిల్స్‌బరోలో చిప్‌ల కంపెనీ ఇంజినీరు. యామ్‌హిల్ కౌంటీలో మెక్‌మిన్‌విల్ ఊరి దగ్గర 20 ఎకరాల పొలం బేరమాడాడు. రేటు చాలా చవక. మేం వచ్చినప్పుడు ఉండటానికి అందులో ఇల్లు కడతానంటున్నాడు. కౌంటీ వాళ్లు కుదరదన్నారట! సొంత డబ్బుతో కొన్న పొలంలో ఇల్లు కట్టొద్దనడానికి వాళ్లెవరు? ఎవరి చెయ్యైనా తడిపితే పనవుతుందా?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: అన్నయ్య గారూ, ముందు మీ ఆఖరి ప్రశ్నకు చెబుతాను. అవదు. ఆ ఆలోచన మీవాడి చెవిన కూడా వేయకండి.

చవక అన్నారు చూశారా, కిటుకంతా అక్కడే ఉంది. అది పొలం రేటు. ఇల్లు కట్టుకోవచ్చని కాగితం ఉన్న నేలకు రేటు వేరు. అమ్మేవాడికి ఈ సంగతి తెలుసు. ప్రకటనలో కొండలూ సూర్యాస్తమయమూ ఫొటోలు పెట్టి, కింద చిన్న అక్షరాల్లో 'ఇంటి అనుమతి సంగతి కొనేవారే కౌంటీలో కనుక్కోవాలి' అని రాస్తారు. ఆ ప్రకటన ప్రింటు తీసి చేత్తో పట్టుకుని మా కౌంటరుకు వచ్చినవాళ్లు లెక్కలేనంత మంది. సగం మంది అప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉండేవాళ్లు.

ఇక వాళ్లెవరు అంటారా? 1973లో ఆ రాష్ట్ర శాసనసభ చేసిన చట్టం అది. సెనేట్ బిల్లు 100 అంటారు. దాని వెనక ఏ కమ్యూనిస్టులో ఉన్నారనుకునేరు. అప్పటి గవర్నరు టామ్ మెక్‌కాల్ రిపబ్లికన్. బిల్లును భుజాన మోసిన సెనేటరు హెక్టర్ మాక్‌ఫర్సన్ కూడా రిపబ్లికనే, పైగా లిన్ కౌంటీలో పాడి రైతు. ఆ రాష్ట్రంలోని విల్లామెట్ లోయ నేల మన డెల్టా నేల లాంటిదే, ఏది వేసినా పండుతుంది. ఆ నేల మీదికి పోర్ట్‌లాండ్, సేలం ఊళ్లు పాక్కుంటూ వస్తున్నాయని ఆయన బెంగ.

ఆ చట్టం ప్రకారం ప్రతి ఊరూ తన చుట్టూ ఒక గీత గీసుకోవాలి. రాబోయే 20 ఏళ్ల ఇళ్లకు సరిపడా స్థలం గీత లోపల ఉండాలి. బయట ఉన్న సాగు నేలను పొలం జోన్‌లో పెడతారు. అక్కడ కొత్తగా భూమిని విడగొట్టాలంటే మామూలుగా ఒక్కో ముక్క 80 ఎకరాలకు తగ్గకూడదు, పశువుల మేత భూములైతే 160. తెనాలి చుట్టుపక్కల ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? ఒక పొలంలో రాళ్లు పాతగానే పక్క పొలం ధర ఎకరాల లెక్క వదిలి గజాల లెక్కలోకి దూకుతుంది. ఇక ఆ ఊళ్లో రైతు కొడుకు సాగు కోసం ఇంకో రెండెకరాలు కొనగలడా? ఆ దూకుడు మొదలుకాకుండానే ఆపడం ఈ గీత పని.

రైతుకు ఇల్లు వద్దని మాత్రం చట్టం అనలేదు. రైతునని చూపించమంటుంది. మేలురకం సాగునేల అయితే ఆ సాగు మీద ఏడాదికి కనీసం 80,000 డాలర్ల అమ్మకం, గడిచిన రెండేళ్లూ గానీ, గడిచిన ఐదేళ్లలో మూడేళ్లు గానీ చూపించాలి. పండించిన మనిషే ఆ ఇంట్లో ఉండాలి. కౌలుకిచ్చి, కౌలుదారు అమ్మకాలు నావే అంటే చెల్లదు. అంటే ముందు సాగు, తర్వాత ఇల్లు. మీవాడు ఉద్యోగం చేసుకుంటూ హిల్స్‌బరో నుంచి కారులో వెళ్లి 20 ఎకరాల్లో అంత పంట తీయగలడా? ఆ లెక్క మీరే వేయగలరు, రైతు కుటుంబం వాళ్లేగా.

ఒక్క దారి మాత్రం కనుక్కోమనండి. ఆ పొలంలో పాత ఇల్లేమైనా ఉందా? చట్టబద్ధంగా కట్టిన ఇల్లుంటే దాని స్థానంలో కొత్తది కట్టుకోనిస్తారు. కానీ పాత ఇల్లంటే ఇల్లే. గోడలు, పైకప్పు నిలిచి ఉండాలి. వంటింటి సింకు, టాయిలెట్, స్నానానికి ఏర్పాటు ఉండి, ఆ నీళ్లు పోయే దారీ ఉండాలి. లైట్లకు వైరింగ్, చలికి హీటింగ్ ఉండాలి. ఒకాయన పైకప్పు కూలి లోపల బ్లాక్‌బెర్రీ ముళ్లకంప పెరిగిన కొంప ఫొటో తెచ్చి, 'సింకు ఉంది చూడండి' అని వాదించాడు. సింకు నిజంగానే ఉంది, ముళ్లకంప మధ్యలో. అనుమతి రాలేదు. అనుమతి వచ్చినవాళ్లు కూడా కొత్తది కట్టాక పాతది కూల్చేయాలి, లేదా నివాసం కాని పనికి మార్చుకోవాలి.

బేరం ముగిసేలోపు కౌంటీ ప్లానింగ్ ఆఫీసుకు ఫోన్ చేయించి మూడు సంగతులు అడగమనండి: జోన్ ఏమిటి, ఆ ముక్క చట్టబద్ధంగా విడగొట్టిందేనా, చట్టబద్ధమైన ఇల్లు ఉందా. జవాబు ఈమెయిల్లో రాసివ్వమనాలి. ఇల్లే ముఖ్యమనుకుంటే ఏఎఫ్-10 లాంటి చిన్న కమతాల జోన్లలో వెతకమనండి. రేటు ఎక్కువ, కానీ అక్కడ ఇంటికి చోటుంది. పేరు చూసి ఏఎఫ్-20 కూడా అలాంటిదే అనుకుని మోసపోవద్దు, అది పొలం లెక్కలోకే వస్తుంది.

ప్రశ్న: ఆంటీ, మాది న్యూబర్గ్ ఊరి అంచున ఇల్లు. పెరటి కంచె అవతల హేజెల్‌నట్ (బాదం లాంటి గింజ) తోట. కాయలు ఎత్తే రోజుల్లో దుమ్ముతో కిటికీలు తెరవలేం. తెల్లవారుజామున మందు కొడతారు, ఆ మోతకు పిల్లలు లేచిపోతారు. మా అత్తగారికి ఆయాసం. కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మా, ఆ తోట పొలం జోన్‌లో ఉంటే వేసినా నిలవదు. సాగులో మామూలుగా ఉండే వాసన, దుమ్ము, చప్పుడు మీద ఇరుగుపొరుగు వాళ్లు కేసులు వేయకుండా 1993లోనే చట్టం చేశారు. ఎవరికైనా ఒంటికి తీవ్రమైన గాయం లాంటిది జరిగితే వేరే సంగతి. అక్కడి పొలం జోన్‌లో కొన్ని రకాల ఇళ్లకు అనుమతి ఇచ్చేటప్పుడైతే, సాగు మీద ఫిర్యాదు చేయబోమని ముందే సంతకం పెట్టించి రికార్డు చేస్తారు.

ఆ రైతు కక్షకొద్దీ చేసే పని కాదది. హేజెల్‌నట్‌లను కోయరు, వాటంతట అవే నేల మీద రాలతాయి. వాటిని మిషనుతో ఊడ్చి వరసలు చేసి ఎత్తుకోవాలి, అందుకే అంత దుమ్ము. వాన పడితే బురదలో కాయ పాడవుతుంది కాబట్టి పొడి రోజులు దొరికితే ఆగడు. తెల్లవారుజామున గాలి తక్కువ గనక మందు మీ ఇంటి వైపు కొట్టుకు రాకుండా అప్పుడు కొడతాడు. ఒకసారి వెళ్లి పలకరించు. మందు కొట్టే ముందు రోజు ఒక మెసేజ్ పెట్టమని అడుగు, చాలామంది పెడతారు. అత్తగారి గదిలో ఎయిర్ ఫిల్టర్ పెట్టండి. మందు నిజంగా మీ పెరట్లో పడితే మాత్రం ఊరుకోవద్దు. ఫొటో, టైము రాసుకుని రాష్ట్ర వ్యవసాయ శాఖకు ఫిర్యాదు చెయ్యి, వాళ్లు విచారిస్తారు.

ఇంకో మాట. మీకు ఆ ఇల్లు అమ్మినప్పుడు 'వెనక తోట వ్యూ' అని ఎక్కువ తీసుకునే ఉంటారు, అవునా?

ప్రశ్న: పొలం రేటు పెరగనివ్వకుండా చేస్తే ఒరెగాన్ రైతులు ఎలా ఊరుకున్నారు? పరిహారం ఇవ్వరా?
— విజయవాడ పాఠకుడు

జవాబు: ఊరుకోలేదండీ. 2004 నవంబరులో మెజర్ 37 అనే ప్రతిపాదనను ప్రజల ఓటుకు పెట్టి గెలిచారు. భూమి తమ చేతికొచ్చాక వచ్చిన రూలు వల్ల విలువ తగ్గితే ప్రభుత్వం డబ్బైనా ఇవ్వాలి, రూలైనా వదలాలి అని. ప్రభుత్వాల దగ్గర అంత డబ్బెక్కడిది? రూళ్లే వదిలారు. సుమారు ఏడు వేల దరఖాస్తులు పడ్డాయి. అప్పుడు తెలిసొచ్చింది: నా పొలంలో ఇళ్లు వస్తే నాకు లాభం, పక్కవాడి పొలంలో వస్తే నా ట్రాక్టరుకు ట్రాఫిక్, నా బోరుకు పోటీ. మూడేళ్లు తిరిగేసరికి, 2007 నవంబరులో మెజర్ 49కు ఓటేసి ఆ పాత దరఖాస్తులను చాలావరకు మూడిళ్లకు కుదించారు. కొన్నిచోట్ల పది దాకా ఒప్పుకున్నా, మేలురకం సాగునేలలో మూడు దాటడానికి లేదు.

ఈ పాత రూళ్లకు నగదు పరిహారం లేదు గానీ, పన్ను రాయితీ ఉంది. పొలంగా ఉన్నంతకాలం సాగు విలువ మీదే పన్ను కట్టొచ్చు. సాగు మానేసి ఆ హోదా పోగొట్టుకుంటే మాత్రం పదేళ్ల దాకా వెనకటి తేడా కట్టమంటారు.

నాకు ఈ చట్టం ఇష్టమే. దానికి మూల్యం మాత్రం గీత లోపల ఉండేవాళ్లు కడుతున్నారు. ఊళ్లు గీతను జరపాలంటే ఏళ్లకేళ్లు కోర్టుల్లో నలుగుతుంది, ఈలోపు ఇళ్ల ధరలు ఆకాశానికి. ఉద్యోగాల కోసం వచ్చిన మన పిల్లలు గోడకు గోడ ఆనించి కట్టిన టౌన్‌హౌసుల్లో సర్దుకుంటున్నారు. గీత లోపల అపార్ట్‌మెంట్లకు ఊళ్లు ఇంకా ముందే తలుపులు తీసి ఉండాల్సింది.

ప్రశ్న: పోనీ 80 ఎకరాలే కొంటే కట్టనిస్తారా?
— పేరు వద్దు, బీవర్టన్

జవాబు: 80 అనేది భూమిని విడగొట్టడానికి పెట్టిన హద్దు. మేలురకం నేల అయితే 80 ఎకరాలున్నా పైన చెప్పిన అమ్మకం చూపించాల్సిందే. అంత మంచి నేల కాకపోతే అమ్మకం 40,000 డాలర్లు చూపినా చాలు, లేదా 160 ఎకరాలు ఉండి సాగులో ఉంటే ఆ దారిన అడగొచ్చు. నేల ఏ తరగతిదో అమెరికా వ్యవసాయ శాఖ మట్టి మ్యాపులో ఉచితంగా కనబడుతుంది. ముందు అది తీసి చూడండి.