పోతుల్ని అమ్మే ముందు

చిరంజీవి శ్రీనుకి,
పర్లాకిమిడి నుంచి మీ పెద్దనాన్న ఆశీస్సులు.

మన గంజాం జాతి మేకల్ని సంకరం కాకుండా నిలబెడతానన్నావట, సంతోషం. కానీ ఆడమేకల లెక్క చూసుకుని ధీమాగా ఉన్నావని మీ అమ్మ చెప్పింది. నా టెన్షనంతా అక్కడే. అరవై ఆడవాటికి ఒక్కటే పోతు ఉంటే, తరానికి 12 శాతానికి పైనే మందలో రక్తసంబంధం పెరుగుతుంది. నాలుగు పోతులుంటే 3 శాతం చిల్లరే. తండ్రి పోతుకే కూతురు కడితే పుట్టే పిల్లలో అది ఏకంగా 25 శాతం. వెంటనే ఏమీ కనపడదు. చూలు నిలవదు, పిల్లలు బక్కచిక్కి చస్తాయి, మనం మేతనో రోగాన్నో తిట్టుకుంటాం.

అసలు తప్పు బేరం దగ్గరే జరుగుతోంది. అమ్మవారి పండగకో బక్రీదుకో బేరగాడు రాగానే, ఏపుగా ఎదిగిన పోతునే ముందు తోలించేస్తాం. ఎవరూ కొనని బక్కది మందకు తండ్రవుతుంది. గట్టి గింజలు వండుకుని తాలు విత్తుకున్నట్టు! అందుకని పిల్లలు పాలు మానకముందే చూసిపెట్టుకో. ఏ తల్లి ఏటా ఈనుతోంది, కవలల్ని బతికించుకుంటోంది, కొండ ఎక్కి దిగినా పాలు తగ్గడం లేదు? దాని పోతుపిల్ల చెవికి గుర్తు వెయ్యి. ఎంత ధర పలికినా దాన్ని అమ్మొద్దు. మిగతా వాటికి చిన్నప్పుడే విత్తులు కొట్టించు, మాంసానికీ మంచి ధర వస్తుంది.

ఏ పోతునైనా దాని కూతుళ్లు ఎదకొచ్చేలోగా మార్చెయ్యాలి. మేకల్లో అది ఏడాది, ఏడాదిన్నర మాటే. కొత్తది కొనక్కర్లేదు. కాశీనగరం వైపు, రాయగడ వైపు గొల్లవాళ్ల మందలున్నాయి, పోతుకి పోతు మార్పిడి చేసుకో. తల్లెవరో అడగకుండా మాత్రం తీసుకోకు.

జమునాపారి అనే ఉత్తరాది పెద్దజాతి పోతుని తెమ్మని చెప్పేవాళ్లు వస్తారు. మొదటి ఈతలో పిల్లలు పెద్దగానే పుడతాయి, కాదనను. కానీ మన జాతి సంకరమైపోతుంది. కావాలంటే వేరే దొడ్డిలో నాలుగు మేకలకు కట్టించు, మందలోకి వదలకు.

పీపీఆర్ టీకా, అదే మేకల ప్లేగు రోగానికి వేసేది, మానకు. మందనంతా ఒకే దొడ్డిలో పెట్టకు. సగం మీ మావయ్య దగ్గర ఉంచు, ఆయన కాస్త గొణిగినా ఉంచుకుంటాడు.

దసరాకి వస్తూ మా మందలోంచి ఒక నల్లపోతుని తోలుకొస్తాను. బదులుగా ఏది ఇస్తావో ఇప్పుడే ఎంచి ఉంచు.

మీ పెద్దనాన్న