సమాధానం: కండోమ్ చిరిగిన తరువాత వేచి చూడవచ్చా?
నిన్న రాత్రి మీ మిత్రునితో కలిసినప్పుడు కండోమ్ చిరిగిందనీ, మూడు నెలల క్రితం అతని హెచ్ఐవీ పరీక్ష నెగెటివ్‌గా వచ్చింది కనుక వేచి చూడవచ్చా అనీ అడిగారు. దయచేసి వేచి చూడకండి. ఆ ఫలితం అప్పటి స్థితిని మాత్రమే చెబుతుంది. పైగా గుద సంభోగంలో, అక్కడి పలుచని పొర సులభంగా గాయపడుతుంది కనుక, స్వీకరించిన వ్యక్తిగా మీకే హెచ్ఐవీ ప్రమాదం ఎక్కువ. ఈరోజే వైద్యుణ్ణి కలిసి, జరిగింది దాచకుండా చెప్పి, పెప్ మందులు (వైరస్ సోకే అవకాశం ఏర్పడిన తరువాత హెచ్ఐవీ రాకుండా వాడేవి) అడగండి. వాటిని 72 గంటలలోపు, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా మొదలుపెట్టి, 28 రోజులు మానకుండా వాడాలి. సిఫిలిస్, గనేరియాలను పెప్ ఆపదు కనుక ఆ పరీక్షలూ చేయించుకోండి. కోర్సు ముగిశాక వైద్యుడు చెప్పిన తేదీలలో హెచ్ఐవీ పరీక్ష మళ్లీ చేయించుకుని, ముందుజాగ్రత్తగా వాడే ప్రెప్ మీకు సరిపడుతుందేమో అడగండి.