ఆఫీసర్ మారితే ఆఫీసు ఎందుకు మారుతుంది?

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నాను. అమ్మ ఒక మున్సిపల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. అదే సిబ్బంది, అవే జీతాలు. అయినా పై అధికారి మారినప్పుడల్లా పనితీరు మారిపోతుందంటుంది. దీనిమీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగానికి పనికొస్తుందా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: పనికొస్తుందమ్మా. కాకపోతే ‘నాయకత్వ శైలులు: ఒక అధ్యయనం’ అని పేరు పెట్టి ప్రశ్నపత్రాలు పంచితే కాదు. అలాంటివి బీరువాల నిండా ఉన్నాయి.

పనికి ప్రతిఫలం చూపి నడిపించేవారు, ఆశయం మీద నమ్మకం కలిగించి నడిపించేవారు అని అమెరికా రాజనీతి పండితుడు బర్న్స్ 1978లో చెప్పిన తేడా మీరు చదివే ఉంటారు. ప్రభుత్వ ఆఫీసులో మొదటి రకం వారి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఇంక్రిమెంట్ రూల్ ప్రకారమే వస్తుంది. ఇక మిగిలేది మెమో. మెమోలతో నడిచే సెక్షన్‌లో గుమాస్తా తాను తేల్చగల ఫైలునూ ‘తగు ఉత్తర్వుల నిమిత్తం’ అని పైకి తోస్తాడు. అది ‘మాట్లాడండి’ అన్న రాతతో తిరిగొస్తుంది. వెళ్లి మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండదు. దీన్ని సోమరితనం అంటే నేనొప్పుకోను. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే సార్ తన సంతకానికి నిలబడతాడా, కిందివాడి మీదికి నెడతాడా అన్నది తెలియనంతకాలం ఎవరైనా అంతే చేస్తారు.

1930ల చివర్లో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం పిల్లల క్లబ్బుల్లో చేసిన ప్రయోగం కూడా చూడండి. హుకుం జారీ చేసే నాయకుడు గదిలో ఉన్నంతసేపు పని జోరుగా సాగింది, బయటికెళ్లగానే పడిపోయింది. సగం రోజులు కలెక్టరేట్ మీటింగుల్లోనే గడిపే అధికారికి ఇది చిన్న విషయం కాదు.

ప్రాజెక్టు కోసం సిబ్బందిని ‘మీ సార్ మీద నమ్మకం ఉందా’ అని అడగకండి. పక్క గదిలో సార్ ఉంటే లేదని ఎవరంటారు? పోయినసారి పొరపాటు జరిగినప్పుడు ముందు ఎవరికి చెప్పారో అడగండి. అనుమతిస్తే పర్సనల్ రిజిస్టర్‌లో (ఒక్కో గుమాస్తా తన దగ్గరికొచ్చిన ఫైళ్లు రాసుకునే పుస్తకం) అధికారి మారకముందు, మారాక పెండింగ్ పోల్చండి. మార్చిలో ఆస్తిపన్ను వసూళ్లు ఎవరున్నా పెరుగుతాయి, ఆ ఘనత ఆఫీసర్ ఖాతాలో వేయకండి. అమ్మగారి ఆఫీసు మాత్రం వద్దు, ఆమె రేపూ అక్కడే పనిచేయాలి.

ఇక ఉద్యోగం. గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లోనే ఇంటర్వ్యూలు తీసేశారు కాబట్టి అక్కడ ప్రాజెక్టు చూపించే పని లేదు. సివిల్స్‌లో 250 మార్కుల ఎథిక్స్ పేపర్‌లో కేస్ స్టడీలకు నేరుగా ఉపయోగపడుతుంది. సింగరేణి పర్సనల్ విభాగం లాంటివి మనసులో ఉంటే హెచ్‌ఆర్ పీజీ అవసరం కావచ్చు, నోటిఫికేషన్‌లో అర్హతలు ముందే చూసుకోండి.