రియాక్ట్, యాంగ్యులర్, వ్యూ మూడింటికీ ఒకే డేట్ పికర్ రాయొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: ఆఫీసులో ఒక అప్లికేషన్ యాంగ్యులర్‌లో, ఒకటి రియాక్ట్‌లో, కొత్తది వ్యూలో ఉంది (మూడూ వెబ్ తెరలు కట్టే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్‌లు). బటన్లు, డేట్ పికర్లు (తేదీ ఎంచుకునే పెట్టెలు) ఒక్కసారే రాసి మూడింట్లోనూ వాడొచ్చా, లేక అన్నీ రియాక్ట్‌లోకి మార్చేయడమే మేలా? వాడొచ్చు. అయితే ఏవి పంచుకోవాలో ముందే తేల్చుకోండి, లేకపోతే ఆదా అయ్యే పని కన్నా పెరిగే పనే ఎక్కువవుతుంది.

నేను తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. రైల్వే స్టేషన్ దగ్గరి లాడ్జీలకు గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం, అది యాంగ్యులర్. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాటా రసీదుల సాఫ్ట్‌వేర్ చేస్తాం, అది రియాక్ట్. ఒకసారి లాడ్జి రిసెప్షన్ నుంచి ఫోన్: "పదహైదో తారీకు పెడితే పద్నాలుగు పడతా ఉంది సార్." కారణం చిన్నదే. మన అర్ధరాత్రి 12 గంటలను టు ఐఎస్ఓ స్ట్రింగ్ అనే జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌తో అక్షరాల్లోకి మారిస్తే అది యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ముందురోజు సాయంత్రం 6:30 అవుతుంది. అందులోంచి తేదీ ముక్క మాత్రం కత్తిరించి తీసుకుంటే ఒకరోజు వెనక్కి పోతుంది. లాడ్జి వైపు సరిచేశారు. అదే కోడ్ కాపీ ఫ్యాక్టరీ వైపు అలాగే ఉండిపోయింది. తోతాపురి సీజన్‌లో, లారీలు కాటా ముందు వరుసగా నిలబడి ఉన్నప్పుడు, అక్కడ బయటపడింది. ఆ టెన్షన్ తర్వాతే ఒకేచోట రాద్దామన్న మాట గట్టిగా వచ్చింది.

ఇక్కడ పంచుకోవాల్సింది కాంపోనెంట్ (బటన్, డేట్ పికర్ లాంటి తెర ముక్క) కాదు, దాని లోపలి ఫంక్షన్. తేదీల లెక్క, జీఎస్టీ లెక్క, రూపాయలకు కామాలు పెట్టడం లాంటివి ఏ ఫ్రేమ్‌వర్కూ తగలని మామూలు జావాస్క్రిప్ట్‌లో ఒక ప్యాకేజీగా పెట్టేయండి. కామాలకు లైబ్రరీ కూడా అక్కర్లేదు. బ్రౌజర్‌లో ఉన్న ఇంటల్ నంబర్ ఫార్మాట్‌కు ఇండియా లొకేల్ (దేశం, భాష సెట్టింగ్) ఇస్తే 1,23,456 అని మన లక్షల పద్ధతిలోనే వస్తుంది. రంగులు, ఖాళీలు, అక్షరాల సైజులు సీఎస్ఎస్ వేరియబుల్స్‌లోకి (ఒకచోట పేరు పెట్టి దాచుకునే అలంకరణ విలువల్లోకి) తీసేయండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా కాంపోనెంట్లకు దూకుతారు. నా లెక్కలో సగం లాభం ఇక్కడే ఉంది.

ఆ తర్వాత డేట్ పికర్, రూపాయల ఇన్‌పుట్ లాంటి చిన్నవాటిని కస్టమ్ ఎలిమెంట్లుగా, అంటే మనమే పేరు పెట్టుకునే, బ్రౌజర్‌కు నేరుగా అర్థమయ్యే ట్యాగులుగా రాయండి. అందుకు మేం లిట్ వాడాం. చిన్న లైబ్రరీ, నేర్చుకోవడం తేలిక. 2020 జనవరిలో ఎడ్జ్ బ్రౌజర్ క్రోమియం (క్రోమ్‌కు ఆధారమైన కోడ్) మీదికి మారినప్పటి నుంచి పెద్ద బ్రౌజర్లన్నీ కస్టమ్ ఎలిమెంట్లను అర్థం చేసుకుంటాయి. రాయడంలో కష్టం లేదు, తలనొప్పి అంతా ఫ్రేమ్‌వర్క్‌తో కలిసే చోటే.

యాంగ్యులర్‌లో కస్టమ్ ఎలిమెంట్స్ స్కీమా (తనకు తెలియని ట్యాగులను ఒప్పుకోమని చెప్పే సెట్టింగ్) చేరిస్తే ప్రాపర్టీలు, ఈవెంట్లు మామూలుగా పనిచేస్తాయి. వ్యూలో ఏ ట్యాగులు కస్టమ్ ఎలిమెంట్లు అన్నది కంపైలర్‌కు చెప్పాలి, అంతే. రియాక్ట్‌లో మాత్రం వెర్షన్ చూసుకోండి. 18 వరకు అది అన్నిటినీ ఆట్రిబ్యూట్లుగా (ట్యాగ్‌లో రాసే అక్షరాలుగా) పంపుతుంది. ఆబ్జెక్ట్ ఇస్తే అవతలికి ఒట్టి అక్షరాలే చేరతాయి. మీ సొంత ఈవెంట్లను రెఫ్ (ఆ ఎలిమెంట్‌ను నేరుగా చూపే పేరు) పట్టుకుని చేత్తో వినాలి, లేదా లిట్ వాళ్ల రియాక్ట్ ర్యాపర్ వాడాలి. 2024 డిసెంబర్‌లో వచ్చిన 19తో ఈ బాధ తీరింది. వెర్షన్ ఏదైనా, లోపలికీ బయటికీ పోయేది సాదా స్ట్రింగ్, సాదా నంబర్ అయితే గొడవ తక్కువ. మా డేట్ పికర్ డేట్ ఆబ్జెక్ట్ అసలు ముట్టుకోదు. సంవత్సరం, నెల, రోజు ఉన్న స్ట్రింగ్ తీసుకుంటుంది, అదే ఇస్తుంది. పైన చెప్పిన పద్నాలుగో తారీకు కథకు అక్కడితో తెరపడింది.

షాడో డామ్ అంటే కాంపోనెంట్ లోపలి భాగాన్ని పేజీ నుంచి వేరుచేసే గోడ లాంటిది. దాని లోపలి నుంచి మీరు పంపే ఈవెంట్‌కు బబుల్స్ (పై ట్యాగులకు పాకడం), కంపోజ్డ్ (ఆ గోడ దాటడం) రెండూ ట్రూ అని పెట్టండి. కస్టమ్ ఈవెంట్‌కు రెండూ మొదట ఫాల్స్‌గానే ఉంటాయి. పెట్టకపోతే ఈవెంట్ లోపలే ఆగిపోతుంది, కన్సోల్‌లో ఎర్రగా ఏమీ కనపడదు, సాయంత్రం దాకా వెతుకుతూనే ఉంటారు.

ఫారాలు ఇంకో చిక్కు. షాడో డామ్ లోపలి ఇన్‌పుట్ విలువ బయటి ఫారంతో పాటు పోదు. దానికి ఎలిమెంట్ ఇంటర్నల్స్ (కస్టమ్ ఎలిమెంట్‌ను ఫారంలో భాగం చేసే బ్రౌజర్ సౌకర్యం) వాడాలి. సఫారీలో ఇది 16.4తో, అంటే 2023 మార్చిలో వచ్చింది. పాత ఐఫోన్లు వాడే కస్టమర్లు ఉంటే చూసుకోండి. యాంగ్యులర్‌లో ఎన్‌జీ మోడల్ (ఫారం విలువను కోడ్‌తో కలిపే పద్ధతి) కావాలంటే దానికి వేరేగా ఒక చిన్న డైరెక్టివ్ (ట్యాగ్‌కు అదనపు పని జోడించే కోడ్) రాయక తప్పదు.

తెలుగు లేబుళ్లు పెట్టేవాళ్లకు ఒక మాట. బయటి సీఎస్ఎస్ రూల్స్ షాడో డామ్ లోపలికి పోవు, కాబట్టి మీ బూట్‌స్ట్రాప్ (రెడీమేడ్ సీఎస్ఎస్) క్లాసులు అక్కడ పనిచేయవు. సీఎస్ఎస్ వేరియబుల్స్, ఫాంట్ ఫ్యామిలీ మాత్రం వారసత్వంగా లోపలికి దిగుతాయి. తెలుగు ఫాంట్ ఫైలును లోడ్ చేసే ఫాంట్ ఫేస్ రూల్‌ను పేజీలోనే పెట్టండి, కాంపోనెంట్ లోపల పెడితే పనిచేయదు. బటన్‌కు ఇన్ని పిక్సెళ్లని ఎత్తు బిగించకండి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయిన ఎత్తులో మన ఒత్తులు కింద తెగిపోతాయి. 'రద్దు' అని రాస్తే 'రదు' లాగా కనిపించే బటన్ రిసెప్షన్‌లో ఎవరికీ నచ్చదు.

పెద్ద టేబుళ్లు, మొత్తం స్క్రీన్లు మాత్రం పంచుకోకండి. లాడ్జి బుకింగ్ పట్టికకూ కాటా రసీదుల పట్టికకూ పైకి పోలిక కనిపిస్తుంది గానీ, ఆరు నెలలు తిరిగేసరికి ఎవరి కోరికలు వాళ్లవి, కాంపోనెంట్ నిండా షరతులే. టేబుల్‌కు ట్యాన్‌స్టాక్ టేబుల్ లాంటిది చూడండి. సార్టింగ్, ఫిల్టర్ల తర్కం ఒకటే, రియాక్ట్‌కు, వ్యూకు, యాంగ్యులర్‌కు వేర్వేరు అడాప్టర్లు ఉన్నాయి, మార్కప్ (తెరపై కనిపించే ట్యాగులు) మీ ఇష్టం. ఒకే కోడ్‌ను అన్ని ఫ్రేమ్‌వర్క్‌లకూ మార్చి ఇచ్చే మిటోసిస్ లాంటివీ ఉన్నాయి. పెద్ద టీమ్‌కు సరే, నలుగురైదుగురు ఉన్నచోట నేనైతే ఆ దారి పట్టను.

పంచుకున్న ప్యాకేజీకి వెర్షన్ నంబర్లు పెట్టి, ఏ అప్లికేషన్ ఎప్పుడు కొత్తది తీసుకోవాలో ఆ టీమ్‌కే వదిలేయండి. మా లాడ్జీ వాళ్లు బ్రహ్మోత్సవాల ముందు దేన్నీ ముట్టుకోనివ్వరు, ఫ్యాక్టరీ వాళ్లు జూన్, జూలైలో ముట్టుకోనివ్వరు. ఒకే పేజీలోకి రెండు వెర్షన్లు రాకుండా మాత్రం చూసుకోండి. ఒకే ట్యాగ్ పేరును రెండోసారి డిఫైన్ చేస్తే బ్రౌజర్ ఎర్రర్ ఇస్తుంది.

ఇక అన్నీ రియాక్ట్‌లోకి మార్చడం గురించి: యాంగ్యులర్ అప్లికేషన్ బాగానే నడుస్తూ, చూసుకునే మనిషి ఉంటే దాని జోలికి పోకండి. చూసుకునేవాళ్లే లేకపోతే అప్పుడు మార్చండి, కాంపోనెంట్ల కోసం మాత్రం కాదు.