పక్క లోగిలి పాడుపడి ఉన్నప్పుడు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ ఇంటిని ఆనుకుని ఉన్న మండువా లోగిలి పెంకులు జారిపోయి, పెరడంతా తుప్పలతో మూసుకుపోయి, చీకటి పడితే పిల్లలను వెనక వాకిట్లోకి పంపడానికి భయంగా ఉన్నదని, ఆ ఇంటివాళ్ళు పలకడం లేదని నువ్వు రాసిన సంగతి చదివాను. పంచాయతీ కొలువులో ఉన్నంతకాలం ఇలాంటి అర్జీలు నా బల్ల మీదికి వస్తూనే ఉండేవి. వాటిలో ఏవి తేలాయో, ఏవి ఏళ్ళ తరబడి నానాయో చూసినవాణ్ణి కనుక నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకో. ఆ ఇంటివాళ్ళు పలకకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు, భయం కూడా. కోనసీమలో తలుపులు మూసిన ఇళ్ళలో చాలావాటికి కథ ఒక్కటే. పెద్దవాళ్ళు పోయారు, పంపకాలు తేలలేదు, వారసుల్లో ఒకరు హైదరాబాదులోనూ మరొకరు అమెరికాలోనూ ఉన్నారు, తాను డబ్బు పెట్టి బాగుచేయిస్తే రేపు అది ఎవరి వాటాకు వస్తుందోనని ఎవరికి వారే ఊరుకున్నారు. దానికి తోడు పన్నెండేళ్ళు అనుభవిస్తే స్థలం అనుభవించినవాళ్ళదైపోతుందన్న మాట ఊళ్ళో అందరి నోటా ఉన్నది. 1963 నాటి కాలపరిమితి చట్టం అంత తేలికగా ఎవరికీ హక్కు కట్టబెట్టదు; అసలు యజమానికి ఎదురుగా, బహిరంగంగా, ఎడతెగకుండా స్వాధీనంలో ఉన్నట్టు రుజువు కావాలి. అయినా దూరాన ఉన్నవాళ్ళకు ఆ బెంగ పోదు. పక్కింటివాళ్ళు శుభ్రం చేస్తామని ఫోను చేస్తే, కలుపుకోవడానికే చూస్తున్నారని అనుకుంటారు. అందుచేత నువ్వు చేసే ప్రతి పనీ ఆ అనుమానాన్ని తగ్గించేదిగా ఉండాలి. ఆ స్థలంలో గేదెను కట్టవద్దు, గడ్డిమేటు వేయవద్దు, రాలిన కొబ్బరికాయను సైతం ఏరుకోవద్దు, కంచెను జానెడైనా జరపవద్దు. మీ ఇంటి చెత్త అటు విసిరే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మాన్పించు, ఎందుకంటే రేపు నువ్వు అర్జీ పెట్టినప్పుడు అవతలివాళ్ళు మొదట చూపించేది ఆ చెత్తనే.

ఇక ఎవరితో మాట్లాడాలన్నది. గ్రామ సచివాలయంలో పంచాయతీ కార్యదర్శిని అడిగితే ఇంటి పన్ను డిమాండు రిజిస్టరులో ఆ ఇల్లు ఎవరి పేరున ఉన్నదో, పన్ను ఎవరు కడుతున్నారో తెలుస్తుంది. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయించవచ్చు గాని, తాతల నాటినుంచి రిజిస్ట్రేషను లేకుండా వారసత్వంగా వచ్చిన ఇంటికి అందులో ఏమీ కనిపించకపోవచ్చు. పైగా గ్రామకంఠంలోని, అంటే ఊరి నివాస స్థలంలోని, ఇళ్ళకు పొలాలకు ఉన్నట్టు అడంగల్ అనే భూమి లెక్కల పుస్తకంలో పేర్లు ఉండవు. వీటన్నిటికంటే దగ్గర దారి ఒకటున్నది. ఇల్లు పాడుబెట్టినవాళ్ళు కూడా కొబ్బరిచెట్లను సామాన్యంగా వదిలిపెట్టరు. ఆ పెరట్లో కాయ దింపించుకుపోయే మనిషి ఎవరో ఒకరు ఉంటారు, అతను ఎవరికో డబ్బు పంపుతూనే ఉంటాడు. వారసుల ఫోను నంబరు, వాళ్ళలో ఎవరి మాట చెల్లుతుందన్న సంగతి, ఊళ్ళో అతనికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. దింపు రోజున అతన్ని మర్యాదగా పలకరించి, మంచినీళ్ళిచ్చి అడుగు.

వారసుల్లో ఆడపడుచులను మరచిపోవద్దు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా మన రాష్ట్రంలో 1986 నాటి సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఊళ్ళో చాలామంది ఇప్పటికీ కొడుకులకే ఉత్తరం రాసి ఊరుకుంటారు. నా అనుభవంలో పుట్టింటి మీద మమకారంతో ముందుగా స్పందించేది కూతుళ్ళే. అందరికీ ఒకే ఉత్తరం, విడివిడిగా పంపు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది కనుక, పోస్టాఫీసులో రిజిస్ట్రేషనుతో స్పీడ్‌పోస్టు చేయమని అడిగి రసీదులు దాచుకో.

ఆ ఉత్తరంలో కోపం ఉండకూడదు, వాళ్ళ కుటుంబ తగాదాల ప్రస్తావన అసలే ఉండకూడదు. మీ స్థలం మీద మాకు ఏ హక్కూ లేదు, కోరము కూడా, అన్న వాక్యంతో మొదలుపెట్టు. ఆ ఒక్క వాక్యం సగం పని చేస్తుంది. తరువాత మీ హద్దులో నిలబడి తీసిన ఫోటోలు తేదీలతో జతచేసి, ఒకటి రెండు పనులు మాత్రమే అడుగు. ఇల్లు బాగుచేయించండి అంటే ఎవరూ కదలరు. ఎండిపోయిన ఫలానా చెట్టు కొట్టించండి, మా వైపు గోడకు ఆనుకున్న తుప్పలు తీయించండి, మీరు రాలేకపోతే మీ ఖర్చుతో మేము చేయించడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి, అంటే కదులుతారు. వాట్సాప్‌లో వచ్చిన అనుమతిని కూడా భద్రంగా ఉంచుకో. ఖర్చు డబ్బు మాత్రం పనికి ముందే తెప్పించుకో.

ఉత్తరాలకు జవాబు వచ్చేలోగా ఆగనివి కొన్ని ఉన్నాయి. మొదటిది గోడ. పెంకులు జారిన చోట వాన నేరుగా గోడ నెత్తిన పడి, మట్టితో కట్టిన పాత ఇటుక గోడ లోలోపల నానుతుంది. బయటికి సున్నం బాగానే కనిపిస్తుంది. మీ హద్దులోనే నిలబడి దారానికి రాయి కట్టి వేలాడదీసి చూడు, గోడ మీ వైపు ఒరిగిందో పొట్ట పెట్టిందో తెలిసిపోతుంది. పగులు కనిపిస్తే దాని వెడల్పు కొలిచి తేదీతో రాసిపెట్టుకో. పగులు పెరుగుతుంటే ఆ పక్క గదిలో పిల్లలను పడుకోబెట్టవద్దు, ఆ గోడ వెంట ఎవరినీ నడవనీయవద్దు.

రెండవది మొవ్వు, అంటే తలమీది లేత చిగురు, పోయి మోడుగా నిలబడిన కొబ్బరిచెట్టు. 1996 నవంబరు 6 నాటి తుఫానుకు పచ్చని చెట్లే ఎలా విరిగి ఇళ్ళ మీద పడ్డాయో మీ అమ్మను అడిగితే చెబుతుంది. చచ్చిన మోడుకు అంత గాలి అక్కరలేదు. అయితే చెట్టు కొట్టడానికి యజమాని ఒప్పుకోలు ఉండాలి, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి కావాలేమో సచివాలయంలో కనుక్కోవాలి. కూల్చిన మాను అక్కడే వదిలేస్తే మరో కష్టం. కుళ్ళిన కొబ్బరి మానును చీల్చి చూస్తే గోధుమరంగు తలతో, కొడవలిలా వంగిన తెల్లని లావుపాటి పురుగులు కనిపిస్తాయి. అవి కొమ్ము పురుగు పిల్లలు. పెద్దవై ఎగిరి వచ్చి మీ చెట్ల మొవ్వులు తొలుస్తాయి. మట్టలు విచ్చుకున్నాక ఆకులు కత్తెర పెట్టినట్టు తెగి ఉంటే అది వాటి పనే. మాను ముక్కలు చేయించి తరలించడమే మేలైన మార్గం. అది కుదరకపోతే మెటారైజియం అనే శిలీంధ్రాన్ని వాడే పద్ధతి ఉన్నది, దాని సంగతి అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రంలో అడగండి.

పాముల గురించి నువ్వు ఎక్కువగా రాశావు. తుప్పలకు నిప్పు పెట్టాలన్న ఆలోచన మీ ఆయనకు వచ్చిందన్నావు, దయచేసి ఆపు. మంటకు పాములు పారిపోయి చేరేది మీ ఇంట్లోకే, పైగా ఎండు మట్టలకు అంటుకున్న నిప్పు ఎటు పోతుందో చెప్పలేము. అనుమతి వచ్చాక వానలు తగ్గిన కాలంలో, పగటిపూట, మీ గోడ వైపునుంచి మొదలుపెట్టి అవతలి వైపుకు నరికించుకుంటూ పోవాలి. ఈలోగా మీ వైపు గోడ వెంట నేల శుభ్రంగా ఉంచి, కట్టెల మోపులు, ఇటుకలు తీసేసి, ఎలుక కన్నాలు పూడ్పించండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. కనుక అందరూ మంచాల మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి. ఎవరికైనా కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. ఆ కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి, నాటువైద్యానికి గంటలు పోగొట్టకుండా, విరుగుడు ఇంజెక్షను ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళండి. మీకు దగ్గరలో అది ఎక్కడ ఉంటుందో ఇప్పుడే కనుక్కుని ఉంచు.

దోమల విషయంలో ఆరోగ్య కార్యకర్తలే నీకు తోడు. డెంగీ దోమ కొబ్బరి చిప్పల్లో, పాత తొట్లలో నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. బోదకాలు తెచ్చే దోమ మురుగులోనూ సెప్టిక్ ట్యాంకులోనూ పెరుగుతుంది. వాడని నూతిలో గంబూసియా చేపలు వదలమని వాళ్ళను అడుగు. ఆ నూతికి వరలు కూలి ఉంటే ఆ సంగతి అర్జీలో మొదటి వరుసలో రాయి.

ఉత్తరానికి జవాబు లేకపోతే సచివాలయంలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. కూలేలా ఉన్న కట్టడాల మీద నోటీసు ఇచ్చే అధికారం పంచాయతీకి ఉన్నది. అక్కడ కదలిక లేకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీని పాత రసీదుతో కలిపి ఇవ్వు. ప్రాణాపాయం స్పష్టంగా ఉంటే, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఆర్డీఓకు దరఖాస్తు చేయవచ్చు. పడిపోయేలా ఉన్న కట్టడాన్ని, చెట్టును తొలగించమని, లేదా ఎందుకు తొలగించకూడదో వచ్చి చెప్పుకోమని యజమానికి ఆదేశం ఇచ్చే అధికారం అందులో ఉన్నది. ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133 అనేవాళ్ళం. గోడ ఒరిగి ఉంటే దీనికి సంకోచించవద్దు. తుప్పల కోసమైతే అంత దూరం వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

దూరాన ఉన్నవాళ్ళంతా ఊరు చేరేది సంక్రాంతికే. ఉత్తరాలు దసరాలోపే పంపితే, పండక్కి వచ్చేసరికి ఆ మాట వాళ్ళలో వాళ్ళు అనుకుని ఉంటారు. కనుమ మరునాటి దాకా ఆగితే మళ్ళీ బస్సులెక్కేస్తారు కనుక, భోగి నాడే వాళ్ళను మీ ఇంటికి కాఫీకి పిలిచి, మీ డాబా మీదినుంచి ఆ కప్పును, ఆ మోడును చూపించు. అనుమతి కాగితం రెండు ప్రతులు ముందే రాసి ఉంచు. నమూనా ఒకటి ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను, పేర్లు, హద్దులు నువ్వు నింపుకోవాలి.

ఇట్లు,
మీ పెదనాన్న