బ్రేకు మీరు తొక్కలేదు, కారే తొక్కింది

ప్రశ్న: తిరుపతి నుంచి చిత్తూరుకు సాయంత్రంపూట పోతున్నాను. చంద్రగిరి దాటాక క్రూజ్ (ముందు బండిని బట్టి కారే వేగం చూసుకునే ఏర్పాటు) 90లో పెట్టి కుడి లేనులో ఉన్నాను. నా ముందు ఖాళీ. ఎడమ లేనులో మాత్రం ఒక లారీ పోతోంది. రోడ్డు కుడికి తిరిగేచోట కారు ఉన్నట్టుండి బ్రేకు వేసింది. వెనక వస్తున్న బస్సాయన పక్కకు కోసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఇది కారు లోపమా, నా తప్పా? – ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: తప్పు మీది కాదు. అలాగని ఏదో పార్టు చెడిపోయిందనీ అనుకోనక్కర్లేదు. ముందున్న బండ్లను కనిపెట్టేది కారు ముక్కులోని రాడార్. రాడార్‌కు రోడ్డు కనబడదు, వస్తువులే కనబడతాయి. ఎదుట ఉన్నది మన లేనులోదా, పక్క లేనులోదా అని తేల్చడానికి కారు ఒక లెక్క కడుతుంది. స్టీరింగ్ ఎంత తిరిగింది, బండి ఎంత మళ్లుతోంది అని చూసుకుని తాను పోబోయే దారికి మనసులో గీత గీసుకుంటుంది. వంపు ఇంకా మొదలు కాలేదు, మీ స్టీరింగ్ తిన్నగానే ఉంది, కాబట్టి గీతా తిన్నగానే పోతుంది. లారీ అప్పటికే వంపులోకి దిగిపోయింది.

వంపు వ్యాసార్ధం 400 మీటర్లు అనుకుందాం. మీకు 53 మీటర్ల ముందు ఆ రోడ్డు సరిగ్గా మూడున్నర మీటర్లు కుడికి జరిగి ఉంటుంది. హైవే లేను వెడల్పూ మూడున్నర మీటర్లే. అంటే ఎడమ లేనులో తన దారిన తాను పోతున్న లారీ మీ కారు ముక్కుకు ఎదురుగా వచ్చి నిలబడినట్టు లెక్క తేలుతుంది. 90 వేగంలో ఆ 53 మీటర్లకు పట్టేది రెండు సెకన్ల పైచిలుకు. కారు కంగారు పడటానికి అది చాలు. ఇక్కడ విండ్‌షీల్డ్ వెనకున్న కెమెరా లేను గీతలు చూసి రాడార్‌ను సరిదిద్దాలి. గీతలు చెరిగిపోయినా, సూర్యుడు అద్దంలోకి సూటిగా కొట్టినా అది సరిగా చూడలేదు. మీరు పోయింది సాయంత్రం, పడమటి ఎండకు ఎదురుగా. పొద్దున్నే శ్రీకాళహస్తి, నాయుడుపేట వైపు పోయేవాళ్లకూ ఇదే చిక్కు.

బ్రేకు వేసింది ఎవరో ముందు తెలుసుకోండి. కారులో ఇద్దరున్నారు. ఒకటి క్రూజ్: దాని బ్రేకు మెత్తన, గట్టిగా వేసినా సెకనుకు సుమారు 12 కిలోమీటర్ల వేగం తగ్గిస్తుంది, ఆ తర్వాత మళ్లీ తనే పుంజుకుంటుంది. రెండోది అత్యవసర బ్రేకు: బీప్ మోగి, మీటరులో ఎర్రబొమ్మ వెలిగి, దానికి రెట్టింపు పైనే బిగిస్తుంది. చాలా కార్లలో అది పడితే క్రూజ్ రద్దయిపోతుంది. మీ ఉత్తరంలో బీప్ మాట లేదు కాబట్టి మొదటిదే అయివుంటుంది.

ఆ క్షణంలో ఏం చేయాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. మన కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోతుంది. ముందు నిజంగా ఖాళీ అని కంటితో చూశాక బ్రేకు తాకితే క్రూజ్ ఆగుతుంది గానీ బండి ఇంకాస్త నెమ్మదించి వెనకవాడు వచ్చి మన మీద పడతాడు. దానికి బదులు యాక్సిలరేటరు తొక్కండి, క్రూజ్ వెంటనే వదిలేస్తుంది. అత్యవసర బ్రేకయితే చాలా కార్లలో గట్టిగా తొక్కాలి. క్రూజ్ మీద పోతున్నా కుడి పాదాన్ని యాక్సిలరేటరు మీద ఆనీ ఆననట్టు ఉంచుకోండి. వంపులో లారీని దాటబోయే ముందే క్యాన్సిల్ మీట నొక్కి, దాటాక మళ్లీ పెట్టుకోవడం ఇంకా మంచిది.

రోడ్డు పనుల దగ్గర పరిచే ఇనుప రేకులు కూడా రాడార్‌ను బెదరగొడతాయి. అమెరికా రవాణా భద్రతా శాఖ 2024లో తెచ్చిన అత్యవసర బ్రేకు నిబంధనలో దీనికి ఒక పరీక్షే పెట్టింది: రోడ్డు మీద ఇనుప పలక పరిచి, దాని మీదుగా కారు అనవసరంగా బ్రేకు వేయకుండా పోతుందా లేదా అని చూస్తారు.

ప్రశ్న: కొత్త కారుకు పూజ చేయించాం. ముందు లోగోకు గంధం, కుంకుమ పెట్టి, బంతిపూల దండ కట్టాం. అప్పటినుంచి సెన్సర్ మూసుకుపోయిందని మెసేజ్ వస్తోంది, ఒకసారి ఊరికే బ్రేకు కూడా పడింది. దండ తీసేసినా మెసేజ్ పోలేదు. పూజకూ దీనికీ సంబంధం ఉందా? – ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉందమ్మా. పూజ మానక్కర్లేదు, బొట్టు పెట్టే చోటు మార్చుకోండి. చాలా కార్లలో రాడార్ లోగో వెనకే ఉంటుంది, లేకుంటే కింది గ్రిల్ మధ్యలో, గీతలేమీ లేని అరచేయంత నల్ల ప్లాస్టిక్ పలక వెనక. దాని తరంగం పొడవు నాలుగు మిల్లీమీటర్ల లోపే. నీరు దాన్ని మింగేస్తుంది. పొడి కుంకుమ పలుచగా ఉంటే పెద్దగా అడ్డు కాదు. తడి గంధం మందంగా పట్టిస్తే, నీళ్లు చల్లిన దండ వేలాడితే రాడార్‌కు కళ్లకు గంతలు కట్టినట్టే. బొట్టు బానెట్ మీద పెట్టుకోండి, దండ తీసేసి బయల్దేరండి.

ఎండిన గంధాన్ని గోటితో గీకొద్దు. తడి గుడ్డ ఐదు నిమిషాలు అలాగే అద్ది ఉంచితే నానుతుంది, ఆ తర్వాత మెత్తటి గుడ్డతో తుడవండి. పెట్రోలు, థిన్నరు వాడొద్దు. లోపలి అద్దం ముందున్న కెమెరా ఎదుట విండ్‌షీల్డ్ మీద బొట్టు గానీ నామం స్టిక్కరు గానీ ఉంటే తీసేయండి. లోగో మీద మెరిసే రేకు స్టిక్కర్లు అసలొద్దు. డ్యాష్‌బోర్డు మీద పరిచిన తెల్లటి గుడ్డ కూడా ఎండలో అద్దంలో ప్రతిఫలించి కెమెరాను తికమక పెడుతుంది. బంపరు ముందు బిగించే బుల్‌గార్డులను కేంద్రం 2017లోనే నిషేధించింది, రాడార్ ముందు అవి మరీ చేటు.

శుభ్రం చేసి పది ఇరవై కిలోమీటర్లు నడిపినా మెసేజ్ పోకపోతే సర్వీసుకు తీసుకెళ్లండి.

ప్రశ్న: తిరుమల ఘాట్‌లో, భాకరాపేట ఘాట్‌లో క్రూజ్ వాడొచ్చా? – ఒక పాఠకుడు, పీలేరు

జవాబు: వద్దు. మలుపులో కొండరాయి, పిట్టగోడ, ఇనుప రెయిలింగు అన్నీ ఎదురుగానే వస్తాయి, ఊరికే బ్రేకు పడుతుంది. అంతకన్నా ప్రమాదం ఇంకొకటి: ముందున్న బండి మలుపు తిరిగి కనుమరుగు కాగానే దారి ఖాళీ అయిందనుకుని కారు మీరు పెట్టిన వేగానికి ఎగబోతుంది, అదీ సరిగ్గా మలుపులో. దిగేటప్పుడు చిన్న గేరులో ఇంజిన్ పట్టు మీద దిగండి. అత్యవసర బ్రేకును మాత్రం ఆపేయకండి.

ప్రశ్న: రాత్రిపూట చెరకు ట్రాక్టరు ఎదురైతే క్రూజ్ తనే ఆపుతుందా? – ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: దాని మీద ప్రాణం పెట్టుకోవద్దు. వేగంలో ఉన్నప్పుడు, కదలకుండా నిలిచిన వస్తువులను చాలా రాడార్లు కావాలనే వదిలేస్తాయి. లేకుంటే ప్రతి బోర్డుకూ, ప్రతి వంతెనకూ ఆగాల్సి వస్తుంది. వెనక లైటు లేని ట్రెయిలరు, బయటికి వేలాడే చెరకు గడలు, జూన్‌లో తోతాపురి లోడుతో ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన బండ్లు: ఇవి కెమెరా నేర్చుకున్న బండి ఆకారంలో ఉండవు. ఊరికే బ్రేకు పడటం కన్నా, పడాల్సినచోట పడకపోవడమే నాకు ఎక్కువ భయం.

ప్రశ్న: బంపరు రిపేరు చేయించి, విండ్‌షీల్డ్ మార్పించాక నా కారు వారానికోసారైనా ఊరికే బ్రేకు వేస్తోంది. సర్వీసులో స్కానర్ పెట్టి, ఫాల్ట్ కోడ్ లేదు, అంతా నార్మలే అంటున్నారు. – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఫాల్ట్ కోడ్ అంటే లోపం కనబడినప్పుడు కారు తనలో రాసుకునే గుర్తు. అది లేకపోతే లోపం లేదని కాదు. రాడార్ తప్పు దిక్కు చూస్తున్నా, తాను చూస్తున్నది నిజమనే నమ్ముతుంది. రాడార్‌ను బిగించిన బ్రాకెట్ ఒక్క డిగ్రీ వంగితే 100 మీటర్ల దూరంలో చూపు 1.75 మీటర్లు పక్కకు పోతుంది. సగం లేను! బంపరుకు పుట్టీ పెట్టి నాలుగు పూతలు పెయింటు కొడితే, దాని వెనకున్న రాడార్‌కు అదీ అడ్డే.

వరస ఇలా ఉండాలి. ముందు టైర్ల గాలి సరిచూసి వీల్ అలైన్‌మెంట్ చేయించండి. తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ పక్కకు వాలి ఉంటే కారు గీసుకునే గీతే వంకర. ఆ తర్వాత రాడార్ బ్రాకెట్ చూడాలి. చివరగా, బండిలో లోడు లేకుండా, చదునైన నేల మీద, కంపెనీ చెప్పిన దూరంలో టార్గెట్ బోర్డు పెట్టి కెమెరా, రాడార్ రెండింటికీ క్యాలిబ్రేషన్, అంటే వాటి చూపు సరిదిద్దడం. కొన్ని మోడళ్లకు దీన్ని గీతలు బాగున్న రోడ్డు మీద నడుపుతూ చేస్తారు. అలైన్‌మెంట్‌కు ముందే క్యాలిబ్రేషన్ చేస్తే డబ్బు దండగ. అద్దం ఇన్సూరెన్స్‌లో మార్పించినప్పుడు క్యాలిబ్రేషన్ ఎస్టిమేట్‌లో ఉందో లేదో పాత బిల్లు తీసి చూడండి.

వెళ్లేటప్పుడు తేదీ, వేళ, పెట్టిన వేగం, ముందు బండితో ఉంచే గ్యాప్ ఎన్ని గీతల్లో పెట్టారు, ఫోన్‌లో ఆ చోటు లొకేషన్, ఎండ ఏ వైపు, పక్క లేనులో ఏముంది అన్నీ కాగితం మీద రాసుకుపోండి. డ్యాష్‌క్యామ్ వీడియో ఉంటే మరీ మంచిది. రాడార్ ఎన్ని డిగ్రీలు పక్కకు ఉందో స్కానర్ నుంచి ప్రింటు తీసివ్వమనండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో అడగండి. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అదే చోట, అదే వేళకు నడపండి. మీ ఫిర్యాదును మీ మాటల్లోనే జాబ్‌కార్డులో రాయించండి. "కస్టమర్ చెకప్" అని రాస్తే సంతకం పెట్టొద్దు. అయినా తేలకపోతే, ఏడేళ్ల లోపు బండ్లకు 2021 ఏప్రిల్ 1 నుంచి రీకాల్ నిబంధన (లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయాలన్నది) ఉంది, వాహన్ పోర్టల్‌లో యజమానే ఫిర్యాదు నమోదు చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాల్సి వస్తే మీ చేతిలో పనికొచ్చేది ఆ జాబ్‌కార్డే.